మా తలుపు మీద బోర్డు

మొన్న ఆదివారం పొద్దున మా మేనకోడలు మోరీ గోడకు వేలాడే అద్దం ముందు నిలబడి, భుజాలు వెనక్కి విరిచి, గడ్డం పైకెత్తి, "నేను చేయగలను, నేను గెలుస్తాను" అని ఇంగ్లీషులో మళ్ళీ మళ్ళీ చెప్పుకుంటోంది. గదిలోనే ఓ మూల గట్టు కట్టి, స్నానానికీ అంట్లు తోమడానికీ వాడుకునే జాగాను మేం మోరీ అంటాం. ఆ అద్దం అరచేతికంటే కాస్త పెద్దది, అంతే. అందులో ఒకసారికి ముక్కన్నా కనిపిస్తుంది, నోరన్నా కనిపిస్తుంది. రెండూ కలిపి చూసుకోవాలంటే బాగా వెనక్కి జరగాలి, మా గదిలో అంత వెనక్కి లేదు. పిల్ల వెనకాల మా తమ్ముడు భుజాన తువ్వాలు వేసుకుని, చేతిలో సబ్బుపెట్టె పట్టుకుని, కూతురు గెలవడం ఎప్పుడు పూర్తవుతుందా అని ఎదురుచూస్తున్నాడు. నవ్వొచ్చింది నాకు. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

దాదర్‌లో ఏదో క్లాసులో చేరింది పిల్ల. ఆత్మవిశ్వాసం నేర్పుతారట అక్కడ. కోటు వేసుకున్న మాస్టారొకాయన ఎలా నడవాలో, ఎలా కూర్చోవాలో, ఎదుటివాడి కళ్ళలోకి ఎలా చూడాలో చెబుతాడట. అంతవరకు బాగానే ఉంది, నేర్చుకోనీ అనుకున్నాను. ఇంటర్వ్యూ ఎలా ఉంటుందో ఆడి చూపిస్తూ, ఎక్కడుంటావు అని అడిగాడట ఆ మాస్టారు. "కామాటిపురా" అంది మా పిల్ల. వెనక బెంచీల్లో కిసుక్కున నవ్వారట. అప్పుడు ఆ మహానుభావుడు పిల్లను పక్కకు పిలిచి, "ముంబై సెంట్రల్ అని చెప్పు, లేకపోతే నాగ్‌పాడా అను, అదేం అబద్ధం కాదుగా, పక్కనేగా" అని హితబోధ చేశాడట. అసలు ఆత్మవిశ్వాసం అంటేనే మనల్ని మనం మంచిగా చూపించుకోవడమట. "అసంచ్ సాంగాయచం అసతం అత్తా, గట్లనే చెప్పాల్నంట" అని మరాఠీ సగం, తెలుగు సగం కలిపి, తప్పు తనదే అయినట్టు చెప్పింది పిల్ల. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఫీజు కట్టించుకుని ఒక ఆడపిల్లకు సొంత ఇంటి పేరు మింగడం నేర్పుతావా? పైగా దానికి ఆత్మవిశ్వాసం అని పేరు పెడతావా?

నా కోపం ఎందుకంటే, ఆ పేరు మాది. కామాటోళ్ళు అంటే మేమే. తెలుగుదేశం నుంచి వచ్చి ఈ నగరంలో రాళ్ళు కొట్టి, సున్నం కలిపి, తట్టలు మోసిన కూలివాళ్ళు మా ముత్తాతలు. వాళ్ళున్న పేట కాబట్టి కామాటిపురా అయింది. తరవాత ఎవరెవరో వచ్చారు, ఏవేవో వ్యాపారాలు పెట్టారు, ఆ పేరు వింటే మగవాళ్ళు మీసాల చాటున నవ్వుకునే రోజులు వచ్చాయి. అందులో మా ముత్తాత చేసిన పాపమేంటి? ఇంతాచేసి మావాళ్ళే ఆ పేరు దాచుకుంటారు. పెళ్ళి కార్డు మీద గ్రాంట్ రోడ్ అని అచ్చు వేయిస్తారు. టాక్సీ ఎక్కితే నాగ్‌పాడా దాకా అని చెప్పి, అక్కడ దిగి, వానలో నడుచుకుంటూ ఇంటికొస్తారు. కాస్త చేతిలో నాలుగు రాళ్ళున్నవాళ్ళయితే గ్రాంట్ రోడ్డును కూడా దాటించి ఇంటిని సముద్రం ఒడ్డుకు తీసుకుపోతారు. మా దూరపు చుట్టం ఒకాయన వర్లిలో తమ్ముడుండే చాల్, అంటే వరస గదుల అద్దె మేడ, చిరునామాయే తనదిగా జీవితమంతా చెప్పుకున్నాడు. ఆయన పోయాక పరామర్శకు వచ్చినవాళ్ళంతా వర్లికి పోయి, అచ్చం ఆయనలాగే ఉండే తమ్ముణ్ణి బతికుండగా చూసి బెంబేలెత్తారు.

ఇదంతా చూస్తే నాకు మా అత్త గుర్తొస్తుంది. అత్త అంటే మా నాన్నకు సొంత అక్క. మా పాలమూరు పక్క పల్లెలో పెళ్ళయి, మొగుడు పోయాక, ముంబైలో ఉన్న తమ్ముడి చాల్‌కే వచ్చి, మా గదికి రెండు తలుపుల అవతల చిన్న గది అద్దెకు తీసుకుంది. మేస్త్రీ పనులకూ మట్టి పనులకూ ఊరి నుంచి వచ్చే కూలీలకు పొద్దునా సాయంత్రం జొన్నరొట్టె పెట్టేది. ఇలాంటి దాన్ని ఇక్కడ ఖానావళి అంటారు. పదిమంది మగవాళ్ళు గది బయట గ్యాలరీలో వరుసగా గోడకు ఆనుకుని కూర్చుని, పచ్చిపులుసులో రొట్టె ముంచుకుని తిని, ఎవరి పళ్ళెం వాళ్ళు కడిగి బోర్లించి పోయేవారు. అత్త మంచిదని చెప్పబోవడం లేదు నేను. నోరు మహా గయ్యాళి నోరు. అమ్మవారికి మొక్కిన రోజు కూడా తంబాకు మానేది కాదు. పిండి ధర పెరిగిన నెలలో రొట్టెలు పలచబడేవి, ఎవరన్నా అడిగితే "నీ చెయ్యి పెద్దగైంది కొడుకా" అనేది. బల్లిని చూస్తే మాత్రం చిన్నపిల్లలా కేకలు పెట్టి మంచం ఎక్కేది. ఆ కేకలకు కింది అంతస్తు వాళ్ళు కూడా పైకి పరిగెత్తుకొచ్చేవారు.

ఇక బోర్డు సంగతి. మా గల్లీలో ఒక వరుస మాలాంటి వాళ్ళ చాళ్ళు, ఎదుటి వరుసలో ఆడవాళ్ళను అమ్మే ఆ వ్యాపారం సాగే గదులు. మధ్యలో ఒక చేయి చాచితే అందేటంత గల్లీ. తాగొచ్చిన వాళ్ళు, దారి తప్పిన వాళ్ళు, కావాలనే దారి తప్పిన వాళ్ళు అప్పుడప్పుడు మా మెట్లెక్కి తలుపులు తట్టేవారు. దానికి మా చాల్ పెద్దలు ఆలోచించి ఆలోచించి కనిపెట్టిన మందు బోర్డు. ప్రతి తలుపు మీదా తెల్ల రేకు మీద ఎర్ర అక్షరాలతో "ఇది సంసారుల ఇల్లు, తలుపు తట్టకండి" అని రాసి కొట్టాలి. రాసింది ఎవరో కాదు, మా నాన్నే. ఆయనది రంగుల పని, చేతిరాత ముత్యాలు పేర్చినట్టు ఉండేది. మరాఠీలో, హిందీలో, కింద తెలుగులో రాశాడు. తలుపు తట్టేవాళ్ళలో తెలుగు చదివేవాడు ఎవడూ లేడని అమ్మ గొణిగింది. ఉన్నా లేకపోయినా మన భాష ఉండాలని నాన్న పట్టుబట్టాడు. చాల్‌లో అన్ని తలుపులకూ బోర్డులు పడ్డాయి. ఇంత చక్కగా రాసిన బోర్డుల కింద మేమంతా మర్యాదస్తులమై తిరిగాం.

అత్త ఒక్కతే కొట్టనివ్వలేదు. నాన్న సుత్తి, మేకులు పట్టుకుని పోతే గడపలోనే ఆపేసింది. "గుమ్మడికాయల దొంగ ఎవర్ర అంటే భుజాలు తడుముకున్నట్లుంది తమ్మీ మీ యవ్వారం. ఎవడడిగిండని రాసి పెడుతున్రు? తాగొచ్చెటోడు నిలబడి సదువుతడా? వానికి కండ్లే కనిపియ్యవు" అంది. నాన్న ఏదో సర్ది చెప్పబోయాడు. "పో, మీ ఆడోళ్ళ తలుపులకు కొట్టుకో" అని రొట్టెలకు పోయింది. నాన్న ముఖం చిన్నబుచ్చుకుని తిరిగొచ్చాడు. ఆయన బాధంతా తన అక్షరాలను సొంత అక్క వద్దందని.

మాకైతే బోర్డు వచ్చాక కొత్త నియమం వచ్చింది. ఎవరన్నా తట్టితే ఆడపిల్లలు నోరు తెరవకూడదు. తలుపు సందులోంచి వేలుతో బోర్డు చూపించి, తలుపు వేసుకోవాలి. అమ్మ మాకు నేర్పిన మర్యాద అదే, ఆమెకు నేర్పిన మర్యాద కూడా అదే. మా అమ్మ మాట్లాడితే పక్కనున్నవాళ్ళకు కూడా వినిపించేది కాదు. కూరగాయలవాడు ఎక్కువ చెబితే ఊరుకునేది, తక్కువ తూచినా ఊరుకునేది. పోస్టుమాన్ వచ్చినా తలుపు వెనక నుంచే "ఇంట్ల ఎవ్వరు లేరు" అనేది. మరి ఆ మాట అన్నది ఎవరో!

ఒకరోజు మధ్యాహ్నం వాన పడుతోంది. అమ్మ రేషన్ దుకాణానికి పోయింది. నేను ఎనిమిదో తరగతిలో ఉన్నాను, ఒక్కదాన్నే ఇంట్లో కూర్చుని లెక్కలు చేసుకుంటున్నాను. తలుపు తట్టారు. తీస్తే ఎవరో మనిషి, తడిసి ముద్దయి ఉన్నాడు, వాసనొస్తోంది. నేను నియమం ప్రకారం వేలెత్తి బోర్డు చూపించాను. ఆయన బోర్డు వైపు చూశాడు, నా వైపు చూశాడు, నవ్వాడు. "పఢ్‌నా నహీ ఆతా" అన్నాడు. చదువు రాదట! నేను మళ్ళీ వేలు చూపించాను. ఆయన తలుపు మీద చెయ్యి పెట్టాడు. నోరుందన్న సంగతే గుర్తులేదు, ఎందుకంటే ఎవరూ దాన్ని వాడమని చెప్పలేదు నాకు.

రెండు తలుపుల అవతల అత్త గడపలోకి వచ్చింది, మోచేతుల దాకా జొన్నపిండి. వచ్చి వాణ్ణి కొడుతుందనుకున్నాను. చేతిలో అట్లకాడ కూడా ఉంది. కొట్టలేదు. అక్కడే నిలబడి, "నేనున్న ఈడ. నోటితోని చెప్పు బిడ్డా" అంది. నేను ఏదో అన్నాను, నాకే వినిపించలేదు. "నాకే ఇనొస్తలేదు, ఆయనకేం ఇనొస్తది? గట్టిగ చెప్పు" అంది. అప్పుడు నాకు ఆ మనిషి మీద కంటే అత్త మీద ఎక్కువ కోపం వచ్చింది. ఆ కోపంలోంచే వచ్చింది గొంతు. "యే హమారా ఘర్ హై! నీచే జావ్!" అని, ఇది మా ఇల్లు, కిందికి పొమ్మని అరిచాను. కింద నల్లా దగ్గర బిందెలు పట్టేవాళ్ళు కూడా తలెత్తి చూశారు. ఆ మనిషి ఉలిక్కిపడి రెండడుగులు వెనక్కి వేశాడు. "అరే జా రహా హూఁ బేటీ, చిల్లాతీ కాయకో హై" అని, పోతున్నాగా అరుస్తావెందుకని నసుగుతూ, గోడ పట్టుకుని మెట్లు దిగిపోయాడు. అత్త లోపలికి పోయింది. శభాష్ అనలేదు, తల నిమరలేదు. పెనం మీద రొట్టె మాడుతోందని తిట్టుకుంటూ పోయింది. ఆ తరవాత కూడా తలుపులు తట్టారు, నేను చెప్పాను, వాళ్ళు పోయారు. మరి అరవాల్సిన పని పడలేదు.

మా మేనకోడలికి ఇదంతా ఇక్కడిదాకా చెప్పేసరికి, "రొట్టెల అవ్వకు భయం లేకుండెనా అత్తా?" అని అడిగింది. ఎందుకు లేదు? ఆ మనిషి పోయాక నేను అత్త గదికి పోతే, పీట మీద పిండి ముద్ద పెట్టుకుని చేతులు వణుకుతూ కూర్చుంది. రొట్టె గుండ్రంగా రాలేదు ఆ పూట, కూలీలు చూసి నవ్వారు కూడా. భయం లేకపోవడం ఆత్మవిశ్వాసమని ఏ కోటు మాస్టారు చెప్పాడో నాకు తెలియదు. వణికే చేతులతో కూడా గడపలోకి వచ్చి నిలబడొచ్చు. "మన పేట పేరు చెప్తే నౌకరీ రాకుంటే?" అంది పిల్ల. రాకపోవచ్చు అన్నాను. ఆ కోటు మాస్టారులా నేను గ్యారంటీ ఇవ్వలేను. బుధవారం ఇంటర్వ్యూకు పోయొచ్చింది. కామాటిపురా అనే చెప్పిందట. వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారట, తరవాత జీతం సంగతి మాట్లాడారట. ఇంకా కబురేం రాలేదు. వస్తే వస్తుంది, లేకపోతే అలా చూసుకునే ముఖాల మధ్య పని చేసే బాధ తప్పుతుంది.

అసలు సంగతికొస్తాను. ఆ మధ్యాహ్నం జరిగింది చాల్ అంతటికీ తెలిసింది. తెలిస్తే ఏమనాలి? ఆ తాగినవాణ్ణి అనాలి, లేదా చదువు రానివాడికి బోర్డు పెట్టిన తెలివిని అనాలి. కాదు! తప్పంతా అత్తదన్నారు. ఆమె తలుపుకు బోర్డు లేదు కాబట్టి, ఆమె గది ముందు మగవాళ్ళు కూర్చుంటారు కాబట్టి, చూసినవాళ్ళు ఇది కూడా అలాంటి చాల్ అనుకుంటున్నారన్నారు. పొద్దంతా ఇటుకలు మోసి, ఆకలికి రెండు రొట్టెలు తినిపోయే మనుషులు వీళ్ళ కళ్ళకు అలా కనిపించారు. రాబోయే ఆదివారంలోగా బోర్డు కొట్టాలి, లేదంటే ఖానావళి మూసెయ్యాలి. ఇదీ తీర్పు. ఖానావళి మూస్తే అత్తకు గది లేదు, తిండి లేదు, తిరిగి పోవడానికి ఊళ్ళో ఎవరూ లేరు. ఆ సంగతి చెప్పినవాళ్ళకూ తెలుసు, అందుకే అంత ధైర్యంగా చెప్పారు. ఇన్నేళ్ళయినా ఆ మాట తలచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఆదివారం కింద మారుతి గుడి ముందు జాజిం పరిచి పెద్దలు కూర్చున్నారు. పంచాయితీకి ఆడవాళ్ళు కిందికి రావడం మా చాల్‌లో ఆచారం కాదు. పైన గ్యాలరీ కటకటాలకు ఆనుకుని వినాలి, మాట్లాడకూడదు. అత్త మాత్రం కొంగుకు చేతులు తుడుచుకుంటూ దిగిపోయింది. పాలమూరు కూలీలు కూడా ఓ పక్కన, తమ వల్లే ఇదంతా అన్నట్టు తలలు వంచుకుని నిలబడ్డారు. మా నాన్న కాగితంలో చుట్టిన కొత్త బోర్డు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. రాత్రంతా కూర్చుని, మిగతావాటికంటే అందంగా, చుట్టూ పూల గీత కూడా వేసి రాశాడు అక్కకోసం.

చాల్ పెద్ద, మిల్లులో ముకద్దంగా, అంటే కూలీల మీద పెద్దగా, చేసి మానేసినాయన, గొంతు సవరించుకుని, "మర్యాద ఉండాలె గద అక్కా" అన్నాడు.

"ఉండాలె. ఉంటే బోర్డెందుకు? లేకుంటే బోర్డు పెడితే వస్తదా?" అంది అత్త.

"అందరు పెట్టిన్రు. నీకొక్కదానికేం నొప్పి?"

అత్త ఎదుటి వరుస వైపు చెయ్యి చూపించింది. "ఆ పై కిటికీల ఒక ఆడది ఉంటది. మన భాషామెనే, మన దిక్కామెనే. నా తాన రొట్టెలు తీస్కపోతది. బోర్డులు పెట్టినంక మెట్లెక్కుతలేదు. కింద నిలబడి పిలుస్తది, నేను దిగిపోయి ఇచ్చొస్తున్న. పొద్దుగాల కిటికీ తెరిస్తే ఆమెకు కనిపించేటివి మీ బోర్డులే. ఇటు సంసారులు అని రాస్తే, అటు ఉన్న ఆమెను ఏమని రాసినట్లు? ఆమె మిమ్మల్నేమన్న అన్నదా? మీ తలుపు కొట్టిందా? కొట్టినోళ్ళు మగోళ్ళు. బోర్డు మాత్రం ఆమె కండ్ల ముంగట పెట్టిన్రు."

ఉన్న మాటంటే ఉలుకెక్కువ అన్నట్టు, పెద్దాయన ముఖం ఎర్రబడింది. నాన్న లేచి కాగితం విప్పి బోర్డు అక్క చేతికిచ్చాడు. అత్త దాన్ని దూరంగా పట్టుకుని చూసింది. ఆమెకు చదువు రాదు. "మంచిగ రాసినవ్ తమ్మీ, నీ చెయ్యి మంచిది. గని నా తలుపుకొద్దు" అని తిరిగిచ్చేసింది. "అయితే పొయ్యి ఆర్పుకో" అన్నాడు పెద్దాయన. కూలీల్లో పెద్దవాడొకడు ముందుకొచ్చి, "అమ్మా, మా మూలంగ నీకు పంచాది వద్దు, మేం ఇంకో జాగ చూస్కుంటం" అన్నాడు. అప్పుడు పడిపోయింది అత్త ముఖం. ఎవరెంత అరిచినా వెనక్కి తగ్గని మనిషి, ఆ బీదవాడు వినయంగా అన్న ఒక్క మాటకు గుడి మెట్టు మీద కూలబడింది. అయిపోయింది, అత్త ఇక ఉండదు అనుకున్నాను నేను పైన కటకటాల దగ్గర. ఏడుపొచ్చింది నాకు.

అప్పుడు నా వెనక కిర్రుమని చప్పుడయింది. తిరిగి చూస్తే మా అమ్మ. స్టూలు మీద ఎక్కి, పొయ్యి దగ్గరి పట్టకారుతో మా తలుపు మీది బోర్డు మేకులు పీకుతోంది. ఒకటి వచ్చింది, రెండోది రాలేదు. తుప్పు పట్టిన మేకు మొండికేసింది. కిందివాళ్ళంతా తలలెత్తి చూస్తున్నారు. అమ్మ వాళ్ళవైపు చూడలేదు, చూస్తే చెయ్యి ఆగిపోతుందని తెలుసు కాబోలు. రేకు వంగి, చివరికి ఊడి, ధణామని గ్యాలరీలో పడింది. నేనూ, చాల్ మొత్తమూ అంతవరకు వినని గొంతుతో, కటకటాల మీదికి వంగి మా అమ్మ మాట్లాడింది.

"మా వదినె తలుపుకు లేనిది మా తలుపుకెందుకు? ఆడబిడ్డ పొయ్యి ఆర్పిస్తే నా పొయ్యి గూడ ఆరుతది. మేం గూడ ఊరికి పోతం. నా బిడ్డ నోటితోని చెప్పింది, వాడు పోయిండు. ఇగ బోర్డెందుకు?"

మధ్యలో ఓసారి ఆగి, మళ్ళీ మొదలుపెట్టింది. చివరి మాటకు గొంతు నిలబడింది. నాన్న నోరు తెరుచుకుని పైకి చూస్తూ ఉండిపోయాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదండీ, అందరూ తమ బోర్డులు పీకేసుకుని కౌగిలించుకోనూ లేదు. పెద్దాయన ఏదో గొణిగి, భోజనాల వేళయిందని లేచాడు. మరి ఎవరూ ఆ ఊసెత్తలేదు. తీర్పు వెనక్కి తీసుకున్నామని కూడా ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి వాళ్ళ నోళ్ళకు మర్యాద అడ్డం వచ్చింది. సాయంత్రం కూలీలు రోజూలాగే వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నారు, అత్త పచ్చిపులుసులో ఉప్పు ఎక్కువేసింది. వాళ్ళు మారు మాట్లాడకుండా తిన్నారు. మా కింది అంతస్తులో ముసలామె మాత్రం కొన్నాళ్ళకు తన బోర్డు తీసేసింది, మేకుకు కొంగు పట్టుకుని చిరుగుతోందని. మిగతావి ఎండకు ఎర్ర రంగు వెలిసిపోయి, ఏమి రాసుందో ఎవరికీ తెలియకుండా చాలా ఏళ్ళు వేలాడాయి.

నాన్న కొన్నాళ్ళు అమ్మతో ముభావంగా ఉన్నాడు. పూల గీత వేసిన ఆ కొత్త బోర్డును అమ్మ నీళ్ళ పీపా మీద మూతగా పెట్టింది. రాత కిందికి ఉండేలా పెట్టేది. నాన్న స్నానానికి పోయినప్పుడల్లా దాన్ని తిప్పి రాత పైకి పెట్టేవాడు. ఇద్దరూ దాని గురించి ఒక్క మాట కూడా అనుకోలేదు, ఒకరు తిప్పడం, ఇంకొకరు మళ్ళీ తిప్పడం. రాత కొట్టుకుపోయాక మానేశారు.

బోర్డు తీసిన కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం తలుపు తట్టిన చప్పుడయింది. నేను లేవబోతే అమ్మ ఆపింది. తానే పోయి, ఎప్పుడూ ఓరగా తీసే తలుపును రెండు రెక్కలూ పూర్తిగా తెరిచింది. ఎదుటి కిటికీ ఆమె, చేతిలో స్టీలు డబ్బా. అత్త పిండి పట్టించడానికి పోయింది, తలుపుకు తాళం ఉంది. "రొట్టెలకొచ్చిన. ఈ డబ్బా ఈడ పెట్టిపోదునా?" అని గడపకు రెండడుగుల దూరంలో నిలబడి అడిగింది. నా కంటే నాలుగైదేళ్ళు పెద్దదేమో, అంతే. ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు, పెద్దమనిషి అనుకునేదాన్ని. అమ్మ ఆమెను చూసింది, గ్యాలరీలో అటూ ఇటూ తలుపుల దగ్గర నిలబడి చూస్తున్నవాళ్ళనూ చూసింది. వాళ్ళందరికీ వినపడేటట్టు, "బయట నిలబడ్డవేంది చెల్లే, లోపలికి రా, కూసో" అంది.

ఆమె వచ్చి, గోడ పక్కన ముడుచుకుని కూర్చుంది. అమ్మ చాయ్ పెట్టి ఇచ్చింది. సగం తాగి, కాసేపు ఆలోచించి, "శక్కర ఎక్కువైంది అక్కా" అంది. "రేపు తక్కువేస్త" అంది అమ్మ. ఆత్మవిశ్వాసం ఎక్కడ దొరుకుతుందని ఎవరన్నా అడిగితే నాకు ఆ ఇద్దరి ముఖాలే కనిపిస్తాయి, ఒకరు చక్కెర ఎక్కువైందని చెప్పగలగడం, ఇంకొకరు రేపు రమ్మనగలగడం. ఆ ఒక్క పిలుపు నోటి దాకా రావడానికి మా అమ్మకు సగం జీవితం పట్టింది. మిగిలిన సగంలో ఆమె ఎవరి ముందూ గొంతు తగ్గించలేదు.